కంచు తల ముందు దుబాసి

నది మలుపు తిరగగానే ధూమ్రపురి కనిపించింది. పావురం మెడలా నిగనిగలాడే పాలరాతి బురుజులు, బురుజుకీ బురుజుకీ మధ్య వేలాడే వెండిగంటల తోరణాలు, మేడల మీద రెపరెపలాడే నీలి జెండాలు, నీళ్ళలోకి దిగిన కెంపురంగు మెట్లు. పొద్దుటి ఎండ పడి ఊరంతా అప్పుడే మెరుగుపెట్టిన నగలా ధగధగలాడుతోంది. తెడ్లు వేస్తున్న పడవవాళ్ళు చేతులు ఆపి నోళ్ళు తెరిచి చూశారు.

మణిమంత దేశపు రాకుమారి విద్యుల్లేఖ మాత్రం పెదవి విరిచింది.

"ఇంత వెండి బయట వేలాడదీశాడంటే లోపల ఎంత డొల్లగా ఉందో," అంది.

ఆమె మగవేషంలో ఉంది. జుట్టంతా తలపాగాలో దోపి, నల్లని అంగీ తొడిగి, దుబాసీలు కట్టే పచ్చ నడికట్టు బిగించింది. ఆమె పక్కన సేనాని గజాంకుశుడు శంఖద్వీపపు రాయబారి వేషంలో పట్టుబట్టల కొట్టులా వెలిగిపోతున్నాడు. మీసాలకి ముత్యాలు గుచ్చుకోవడం ఆయన సొంత ఆలోచన. వద్దని చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది.

"రాకుమారీ, నేను మాట్లాడాల్సిన మాటలు ఇంకోసారి చెప్పండి," అన్నాడు సేనాని.

"పాపం, బుర్రలో ఉన్న చోటంతా మీసాలకే పోయింది," అని ఆమె శంఖద్వీపపు మాటలు మళ్ళీ మొదటినుంచీ వల్లె వేయించింది.

ఆ మాటలు ఆమె ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. ఆమె తండ్రికి యుద్ధాలు మొదలుపెట్టడం తెలుసుగానీ గెలవడం తెలియదు. ఓడినప్పుడల్లా సంధి చేసుకుని కూతుర్ని తాకట్టుగా పంపేవాడు. అలా ఆమె చిన్నతనమంతా పరాయి కోటల్లో గడిచింది. శంఖద్వీపంలో ఓడరేవు పక్కన, మరుధన్వ ఎడారిలో ఒంటెల సాల వెనక, వజ్రకూటం కొండల మీద వంటశాల మూలన. తాకట్టు పిల్లకి రాజభాష ఎవరు నేర్పుతారు? వంటవాళ్ళ తిట్లు, సరంగుల సరసాలు, దాసీల గూఢపు మాటలు ఆమెకి పట్టుబడ్డాయి. వజ్రకూటంలో మాత్రం తోడుగా తమ్ముడు సుకేతనుడు ఉండేవాడు. ఆ కొండరాజు గిరిమల్లుడు పిల్లలిద్దరికీ కుక్కలు వదిలేసిన అన్నం పెట్టించేవాడు. ఆ ముఖం తలుచుకుంటే విద్యుల్లేఖకి ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

ఇప్పుడు ఆ తమ్ముడే ధూమ్రపురిలో చిక్కాడు. చిక్కింది కూడా వీరుడిలా కాదు, వదరుబోతులా.

ధూమ్రపురిని ఏలే మాంత్రికుడు ఉల్కాముఖుడు తనకి తానే సత్యచక్రవర్తి అని బిరుదు తగిలించుకున్నాడు. అతని కొలువులో ఒక కంచు తల ఉంది. దానికి కళ్ళు లేవు, చెవులూ నోరూ మాత్రమే. దాని చెవిన అబద్ధం పడితే చాలు, అబద్ధమని అరుస్తుంది. అరిచిన మరుక్షణం ఉల్కాముఖుడు మంత్రం చదివి, ఆ మాట అన్నవాడి మీదికి పొగ ఊదుతాడు. ఆ పొగ తగిలినవాడి ముఖం పోయి కంచు ముఖం వస్తుంది, నోరు పడిపోతుంది, బతికినంతకాలం కొలువులో వింజామరలు వీస్తూ నిలబడాలి. సుకేతనుడు ఆ కొలువులోకి కత్తి దూసుకుంటూ వెళ్ళి, నీ కోటని ఒంటిచేత్తో పెకలించి సముద్రంలో పారేస్తానన్నాడు. కంచు తల అరిచింది. అంతటితో అతని వీరత్వం ముగిసింది.

"మూర్ఖుడు," అంది విద్యుల్లేఖ, పడవ రేవుకి తగులుతుంటే. "అయినా నా తమ్ముడు."

కోటవాకిట్లో కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు. వాడి వెనక గోడలో గిన్నెంత కంచు చెవి ఒకటి పొదిగి ఉంది. ఊళ్ళో ప్రతి వీధి మొగలోనూ అలాంటి చెవే. అక్కడ పడిన మాట కొలువులోని తలకి వినిపిస్తుంది.

"ఎవరు మీరు?" అన్నాడు కావలివాడు.

విద్యుల్లేఖ చెవివైపు ఓరగా చూసింది. అబద్ధం ఆడకూడదు, నిజం చెప్పకూడదు.

"నాకు చాలా దేశాల మాటలు వచ్చు. ఇదిగో ఈయన నీళ్ళ మీదుగా వచ్చారు. ఈయన చేతిలో పెట్టెడు ముత్యాలున్నాయి. మీ ప్రభువు ముందు ఆ పెట్టె తెరవాలని వచ్చాం."

అందులో ప్రతి మాటా నిజమే. గోడలోని చెవి ఊరుకుంది. కావలివాడు ఈటె తీశాడు.

ఊళ్ళోకి అడుగుపెట్టాక ఆమెకి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. అంగడి వీధిలో పళ్ళమ్మి గంప ముందు కూర్చుని, "ఈ పళ్ళలో కొన్ని తియ్యగా ఉంటాయి, కొన్ని ఉండవు, కొన్నిట్లో పురుగు కూడా ఉండవచ్చు," అని నీరసంగా అరుస్తోంది. ఒక తల్లి అల్లరి చేస్తున్న కొడుకుని పట్టుకుని, "నువ్వు ఇలాగే చేస్తే నేను నిన్ను కొట్టవచ్చు, కొట్టకపోనూ వచ్చు," అని బెదిరిస్తోంది. వాడు బెదరలేదు. ఒక పడుచువాడు పూలదండ పట్టుకుని పిల్ల ముందు నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"నువ్వు... నువ్వు మనిషిలా ఉన్నావు," అన్నాడు చివరికి.

"నువ్వూ అంతే," అంది ఆ పిల్ల దిగులుగా.

"ఇదేం ఊరు, రాకుమారీ?" అని గొణిగాడు సేనాని.

"సత్యచక్రవర్తిగారి ఏలుబడి. కడుపు మాడిపోతోందని నోరుజారినా ముఖం పోతుంది. ఎవరి కడుపూ నిజంగా మాడదు కదా. ఉప్పు తీసేసిన వంటలా ఉంది ఈ ఊరు. మీరు నోరు మూసుకుని నడవండి."

కొలువుకూటం మాత్రం చూడవలసిందే. నల్లరాతి స్తంభాల చుట్టూ బంగారు తీగెలు పాముల్లా పైకి పాకాయి. పైకప్పు నిండా పొగడపూల కుచ్చులు. నెమలికంఠపు రంగు తివాచీ చివర మెట్లు, మెట్ల చివర పులినోటి సింహాసనం. దాని పక్కన ముక్కాలిపీట మీద కాగంత కంచు తల. గోడవారగా వరుసలు కట్టి కంచు ముఖాలవాళ్ళు వింజామరలు వీస్తున్నారు. అందరికీ ఒకటే ముఖం, ఒకటే బూడిదరంగు అంగీ. పొగ తగిలాక ఒడ్డూ పొడుగూ కూడా ఒక్కలాగే అయిపోతాయి. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు.

ఉల్కాముఖుడు సన్నగా, పొడుగ్గా, ఉతికి గంజిపెట్టినట్టు ఉన్నాడు.

"పుట్టి బుద్ధెరిగాక నా నోట అబద్ధం రాలేదు," అన్నాడు పలకరింపుగా. "అందుకే మంత్రం నా నోట నిలిచింది. వచ్చిన పని చెప్పండి."

మనిషిని చూడగానే తన గొప్ప చెప్పుకున్నవాణ్ణి ఎలా ఆడించాలో విద్యుల్లేఖకి తెలుసు. ఆమె సేనాని జబ్బ గిల్లింది. ఆయన ఛాతీ పొంగించి శంఖద్వీపపు భాషలో ఏదో గర్జించాడు.

ఆమె వంగి దండం పెట్టింది. "తమని చూసి ఈయన కళ్ళు కొబ్బరిబొండాలయ్యాయట."

"అబద్ధం," అని కంచు తల అరిచింది. ఆ అరుపుకి పైకప్పులోని పూలు రాలాయి. "కళ్ళు కళ్ళే."

కొలువులో కలకలం రేగింది. ఉల్కాముఖుడు పొగ ఊదడానికి నోరు తెరిచాడు.

"ప్రభూ, ఒక్క మాట," అంది విద్యుల్లేఖ. "శంఖద్వీపంలో సంతోషాన్ని ఇలాగే చెబుతారు. ఇది నిజమో కాదో మీ తలనే అడగండి."

అందరూ తలవైపు చూశారు. తల ఊరుకుంది. మాట నిజమే. ఉల్కాముఖుడు నోరు మూసుకోవలసి వచ్చింది.

సేనాని మళ్ళీ గర్జించాడు.

"ఈయన పొట్టలో సొరచేపల పెళ్ళి జరుగుతోందట. అంటే ఆకలి."

"అబద్ధం. పొట్టలో రాగిసంగటి ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. సేనాని నిజంగానే సిగ్గుపడ్డాడు. దారిలో పూటకూళ్ళ ఇంట్లో ఆయన ఆమెకి తెలియకుండా తినేశాడు.

"దారిలో సూర్యుడు ఈయన చెప్పులు దొంగిలించాడట. అంటే నేల కాలింది."

"అబద్ధం."

"తమ కీర్తి వినీ వినీ ఈయన చెవుల్లో గవ్వలు మొలిచాయట."

"అబద్ధం, అబద్ధం."

కంచు తల అరిచి అరిచి పగిలిన జేగంటలా మోగుతోంది. వింజామరల గాలికంటే దాని ఊపిరి ఎక్కువగా వీస్తోంది. ఉల్కాముఖుడి నొసట చెమట పట్టింది. పరదేశపు రాయబారి ముందు తన తల ఇలా కూయడం అతనికి చిన్నతనంగా ఉంది. సరిగ్గా అప్పుడే విద్యుల్లేఖ పెట్టె మూత తెరిచింది. రేగుపళ్ళంత ముత్యాలు. చక్రవర్తి చూపు అక్కడ అతుక్కుపోయింది.

"పరదేశపు వాడుకమాటలు దీనికి అర్థం కావు," అన్నాడు గంభీరంగా. "రాయబారి ఉన్నంతసేపూ దీని చెవుల్లో మైనం పెట్టండి."

భటులు మైనం కూరారు. కొలువుకూటంలో వింత నిశ్శబ్దం పరుచుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడ వినేవాడు లేడు. ముసలి మంత్రి ఒకాయన అటూ ఇటూ చూసి, మెల్లిగా, "నిలబడి నిలబడి నడుం విరిగిపోయింది," అన్నాడు. ఏమీ జరగలేదు. పక్కాయన, "నాకు ప్రాణం లేచొచ్చింది," అన్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

విద్యుల్లేఖ ఇక ధారాళంగా అబద్ధాలు మొదలుపెట్టింది. శంఖద్వీప మహారాజు సత్యచక్రవర్తి పేరు మీద నగరం కట్టిస్తున్నాడంది. ఏనుగంత పగడంతో ఆయన విగ్రహం చెక్కిస్తున్నాడంది. ముందు కానుకగా ఈ ముత్యాలు పంపాడంది. బదులుగా తమ మహిమకి గుర్తుగా ఒక కంచుముఖం దాసుణ్ణి మాత్రం కోరుతున్నాడంది. ఉల్కాముఖుడు అన్నిటికీ తల పంకించాడు. జన్మంతా అబద్ధాన్ని వేటాడినవాడు, అది తన పొగడ్త అయ్యేసరికి వాసన కూడా పట్టలేకపోయాడు.

"నీకు నచ్చినవాణ్ణి ఎంచుకో," అన్నాడు.

ఆమె వరుస వెంట నడిచింది. ఒకే ముఖం, మళ్ళీ అదే ముఖం. తప్పుగా ఎంచుకుంటే రెండో అవకాశం లేదు. వరుస మధ్యకి వచ్చి, ఎటూ చూడనట్టు, వజ్రకూటం వంటశాలల యాసలో తేలిగ్గా అంది:

"కుండలో కుందేలు పడింది."

అక్కడి దాసీలు ఆ మాట అన్నారంటే, పెద్దవాళ్ళెవరో వస్తున్నారు, వెనకగుమ్మం పట్టుకో అని. చిన్నప్పుడు దొంగిలించిన బూరెలు పట్టుకుని అక్కాతమ్ముళ్ళు ఆ మాట విని ఎన్నిసార్లు పరుగెత్తారో. ఆ కొండల మాట ఎరిగినవాడు ఈ వరుసలో ఇంకెవడుంటాడు?

వరుసలో చిన్న తొట్రుపాటు. ఒక కంచుముఖంవాడు ఒక అడుగు ముందుకి వేసి, వంటింటి గుమ్మం వైపు గిరుక్కున తిరిగి, మళ్ళీ ఆగిపోయాడు.

"వీడు బాగున్నాడు," అంది విద్యుల్లేఖ.

అంతా సజావుగా జరిగిపోయేదే. కానీ సింహాసనం వెనకనుంచి కోటపాలుడు నక్రాక్షుడు ముందుకొచ్చాడు. మొసలికళ్ళు, మెల్లని నడక.

"ప్రభూ, ఇంత గొప్ప కానుక ఇస్తున్నాం. పోయేముందు ఈ దుబాసి ఒక్కమాట తల ముందు చెబితే అందంగా ఉంటుంది. వాడుకమాట కాదు, మామూలు మాట." అంటూనే అతను కంచు తల చెవుల్లోంచి మైనం పెరికేశాడు. "చెప్పు. ఈ రాయబారిని పంపిందెవరు?"

భటులు గుమ్మాలకి అడ్డం నిలబడ్డారు. సేనాని చెయ్యి లేని కత్తి కోసం నడుం తడుముకుంది. మాట దాటేస్తే చచ్చినట్టే, అబద్ధమాడితే అంతకంటే ముందే.

విద్యుల్లేఖ తలపాగా విప్పి నక్రాక్షుడి చేతిలో పెట్టింది. జడ వీపు మీద జారింది.

"ఎవరూ పంపలేదు. ఈయన నా సేనాని. నేను మణిమంత రాకుమారిని. మీ ప్రభువు పెద్ద వెర్రివాడని విన్నాను, ఇప్పుడు చూశాను. మీ తల అరవలేదు చూశారా?"

తల నిజంగానే అరవలేదు. ఉల్కాముఖుడు మెట్లు దిగాడు, నోటినిండా మంత్రంతో. ఆ నోరు తెరుచుకుంటే ఇద్దరికీ కంచు ముఖాలే. అతన్ని మంత్రం చదవనివ్వకూడదు, మాట్లాడించాలి.

"ఆగు, ఆగు," అంది ఆమె చెయ్యెత్తి. "సత్యచక్రవర్తివా నువ్వు? నీకు సత్యమంటే ఇష్టమూ కాదు, అబద్ధమంటే కోపమూ కాదు. నీకు సొగసుగా మాట్లాడ్డం రాదు. అందుకని ఊళ్ళో ఎవర్నీ అలా మాట్లాడనివ్వవు. నీలాంటివాణ్ణి శంఖద్వీపంలో ఏమంటారో తెలుసా? పీతకి జడ వేసేవాడంటారు. ఎడారిలో ఒంటెకి చాడీలు చెప్పేవాడంటారు. వజ్రకూటంలో అయితే మంచుకి మజ్జిగ తోడుపెట్టేవాడంటారు. నువ్వు తిరిగి ఏమంటావు? చెప్పు. నాలుగు తిట్లు తిట్టు, విందాం. మా ఊరి కల్లుపాక ముందు పడి దొర్లేవాడు కూడా నీకంటే సొగసుగా తిడతాడు."

"నోరు మూసుకో," అన్నాడు ఉల్కాముఖుడు. గొంతు కీచుగా వచ్చింది.

"అంతేనా? ఇన్నేళ్ళు మింగిన కోపమంతా కలిపితే వచ్చింది ఇదా? అయ్యో పాపం. ఎవరైనా ఈయనకి పాలసీసా ఇవ్వండి."

ముసలి మంత్రి ఆపుకోలేక నవ్వాడు. ఆ నవ్వు ఒక వరుసనుంచి ఇంకో వరుసకి పాకింది. ఉల్కాముఖుడి ముఖం కందగడ్డయింది. ఏళ్ళ తరబడి పళ్ళ వెనక అణచిపెట్టినదంతా ఒక్కసారి కట్టతెంచుకుంది.

"నీ పేగులు తీసి తోరణం కడతాను. నిన్ను నలిపి నశ్యం చేసి, ఎడమ ముక్కుతో పీల్చి, కుడి ముక్కుతో వదిలేస్తాను," అని విరుచుకుపడ్డాడు.

"అబద్ధం," అని కంచు తల అరిచింది. "మనిషి నశ్యం కాదు."

ఉల్కాముఖుడు తెల్లబోయి తన కంచు తలనే చూశాడు. గబగబా మంత్రం చదివి పొగ ఊదాడు. పొగ పెదవుల దగ్గరే సుళ్ళు తిరిగి, తిరిగి వాడి ముక్కులోకే పోయింది. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గుతూ మెట్ల మీద కూలబడ్డాడు. అబద్ధం ఎరగని నోటికే లొంగే మంత్రం ఆ నోటిని వదిలిపోయింది.

"పట్టుకోండి," అన్నాడు నక్రాక్షుడు.

సేనాని గజాంకుశుడికి ఇన్నాళ్ళకి తనకి తెలిసిన పని దొరికింది. ముత్యాల పెట్టె ఎత్తి నేలకేసి కొట్టాడు. ముత్యాలు తివాచీ దాటి నల్లరాతి నేల మీద జలజలా పరుగెత్తాయి. వాటి మీద కాలు వేసిన భటులు ఒకడి మీద ఒకడు పడ్డారు. వాళ్ళ మీద ముత్యాలు ఏరుకునే సభికులు పడ్డారు. "మణిమంత దేశం సొమ్ము," అని సేనాని బాధగా అంటూనే ఒక భటుడి ఈటె లాక్కుని ఇద్దర్ని వెల్లకిలా తోశాడు. విద్యుల్లేఖ కంచుముఖం మనిషి చెయ్యి పట్టుకుంది. అతనే ఆమెని వంటింటి గుమ్మంలోంచి లాక్కుపోయాడు.

మరిగే డేగిసాల మధ్యగా, పొగగూడు పక్కనున్న సందులోంచి, చుట్లు చుట్లుగా దిగిన రాతిమెట్ల మీదుగా, ఏనుగుల రేవు దాకా ముగ్గురూ రొప్పుతూ వచ్చి పడ్డారు. సేనాని ఒక మీసం ముత్యాలతో సహా ఎవడి చేతిలోనో వదిలేసి వచ్చాడు. అక్కడ పడవతో కాచుకున్న పడవవాళ్ళు తెడ్లు అందుకున్నారు. పడవ నది నడిమికి చేరేలోగా కోటగోడలో ఇనుప తలుపు లేచింది. నక్రాక్షుడు పెంచుకునే మొసళ్ళు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారాయి.

మొదటిది పడవ అంచు కరిచింది. పలకలు పెటపెటలాడాయి. సేనాని ఈటెని దాని దవడల మధ్య నిలువుగా ఇరికించాడు. నోరు మూతపడక అది బొంగరంలా తిరుగుతూ పక్కదాని మీద పడింది. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటూ మునిగాయి. మూడోది తోకతో కొట్టిన దెబ్బకి పడవ ఒరిగిపోయింది. విద్యుల్లేఖ వంటింట్లోంచి ఎందుకో పట్టుకొచ్చిన కారం కుండ దాని కళ్ళలోకి విసిరికొట్టింది. నది అల్లకల్లోలమై, పడవ సుడిలోంచి బయటపడి, అవతలి ఒడ్డు రెల్లుపొదల చాటుకి చేరింది.

అప్పటికి పొద్దు వాలుతోంది. అందరూ పడవలో ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడ్డారు.

"నోరుమూసుకుని ఉండి ఉంటే ఈ తిప్పలుండేవా?" అని ఆమె కంచుముఖం భుజం మీద ఒక్కటి చరిచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతులో వెటకారం వదల్లేదు. "ఒంటిచేత్తో కోట పెకలిస్తాడట. పూరిపాక గుంజ ఒకటి పీకి చూపించు ముందు."

అతను జవాబుగా ముఖం రెండు చేతులతో పట్టుకున్నాడు. కంచు మీద నుదుటినుంచి గడ్డం దాకా సన్నని బీట వేసింది. మంత్రం సడలుతోంది. పెళుసు పెంకులా ముక్కలు ఒక్కొక్కటే ఊడి పడవలో పడ్డాయి. బూడిద అంగీ లోపల మనిషి కూడా మారుతున్నాడు. భుజాలు కుంగాయి, పొట్ట ముందుకొచ్చింది.

చివరి పెంకు రాలింది. నెరిసిన గడ్డం, గద్దముక్కు, కింది పెదవి మీద పాత గాటు.

విద్యుల్లేఖ వెనక్కి జరిగింది. కుక్కలు వదిలేసిన అన్నం వాసన ఎక్కడినుంచో వచ్చి ఆమె ముక్కుకి తగిలినట్టయింది.

"గిరిమల్లుడు," అంది.

వజ్రకూటం రాజు నోరు మెదిపి చూసుకున్నాడు. మాట వస్తోందని తెలిశాక సన్నగా నవ్వాడు. "పెద్దదానివయ్యావు, మణిమంత పిల్లా. మా వంటవాళ్ళ మాటలు నీకు ఇంకా గుర్తున్నాయి."

"నీకా మాట ఎలా తెలుసు?"

"నేనూ ఆ వంటింట్లోనే బూరెలు దొంగిలించి పెరిగాను."

"నా తమ్ముడేడి?"

రాజు నదివైపు చూశాడు. ఆ చూపు ఆమెకి నచ్చలేదు. లేచి వాడి అంగీ మెడ దగ్గర పట్టుకుంది.

"నా పక్కనే నిలబడ్డాడు," అన్నాడు గిరిమల్లుడు. "నువ్వా మాట అనగానే వాడూ కదలబోయాడు. నేను వాడి పాదం తొక్కిపట్టి ముందుకొచ్చాను. ఏం చెయ్యమంటావు? నేనూ వాడిలాగే గొప్పలు పోయి అక్కడ చిక్కాను, నా కోసం ఏ అక్కా రాదు."

సేనాని ముందుకి ఉరికి వాడి గొంతు అందుకున్నాడు. "రాకుమారీ, ఊ అనండి. మొసళ్ళు ఇంకా దూరం పోలేదు."

విద్యుల్లేఖ ఊ అనలేదు. పడవ అడుగున పడిన కంచు పెంకులు చూస్తోంది. ఇక్కడ ఈ ముఖం ఊడిందంటే అక్కడా ఊడుతుంది. నక్రాక్షుడు ముఖాలు చూసుకుంటూ వరుస వెంట నడుస్తాడు. కత్తి దూసి కొలువులోకొచ్చిన కుర్రవాణ్ణి గుర్తుపట్టడానికి వాడికి ఎంతసేపు పడుతుంది? ఉల్కాముఖుడు మళ్ళీ దీక్ష పట్టేదాకా మంత్రభయం లేదు. మిగిలింది మనుషులూ కత్తులే.

"వదలండి, సేనానీ," అంది. తర్వాత రాజు వైపు తిరిగింది. "ఆ వంటింటి సందు నువ్వు కట్టించింది కాదు. నీకది ఎలా తెలుసు?"

"కొలువు ముగిశాక రోజూ డేగిసాలు మోసింది నేనే కదా. దాని కింద ఇంకో దారి కూడా ఉంది. బూడిద పారబోసేది. నేరుగా వరుసల వెనక తేలుతుంది."

"నువ్వు ముందు నడుస్తావు."

"నేనా? నన్ను మళ్ళీ అక్కడికి..."

"నీలాంటివాణ్ణి కాపాడినందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ అసహ్యం పోవాలంటే రెండే దారులు. రెండోది సేనానిగారికి చాలా ఇష్టం. నీకు ఈత వచ్చా?"

"రాదు," అన్నాడు కొండరాజు.

"అయితే తెడ్డు అందుకో," అంది విద్యుల్లేఖ.

సేనాని ఒంటిమీసం దువ్వుకుని ఒక తెడ్డు ఊడలాగి రాజు ఒళ్ళో పడేశాడు. పడవవాళ్ళు రెల్లు పక్కకి తొలగించారు. ధూమ్రపురి బురుజుల మీద వెండిగంటలన్నీ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. పడవ ముక్కు మళ్ళీ అటే తిరిగింది.